ఏమీ అడగని పుస్తకం

గ్రేటర్ నోయిడాలో ‘లైబ్రరీ’ అని బోర్డు కనిపిస్తే లోపల పుస్తకాలుంటాయని అనుకోకూడదు. నాలెడ్జ్ పార్క్ చుట్టుపక్కల, తుగల్‌పుర్ సందుల్లో ఇలాంటి బోర్డులు చాలా కనిపిస్తాయి. ఏసీ, వైఫై, మంచినీళ్ళు, చెక్క అడ్డాలు పెట్టిన చిన్న చిన్న బల్లలు, నెలకింత అని సీటుకు అద్దె. కుర్రవాళ్ళు ఎవరి పుస్తకాలు వాళ్ళే తెచ్చుకుని పొద్దున్నించి రాత్రిదాకా పోటీ పరీక్షలకు చదువుకుంటారు. ఇదేదో ఈ ఊరి విడ్డూరం కాదు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ కూడా గ్రూప్స్‌కు చదివేవాళ్ళతో కిక్కిరిసి ఉంటుంది. ఆ పిల్లల్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఒక్కొక్కరి వెనకా ఒక్కో ఇంటి ఆశ ఉంది. కానీ ఆ బోర్డుల కింద నుంచి నడిచేటప్పుడల్లా, మనిషి నవల ఎందుకు చదువుతాడన్న పాత ప్రశ్న కొత్తగా గుచ్చుకుంటుంది. దాని చివర పరీక్ష లేదు, మార్కులు లేవు. అందులోని సంగతులు ఎక్కడా జరగలేదని చదివేవాడికి ముందే తెలుసు.

1991లో గ్రేటర్ నోయిడా పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఫ్యాక్టరీలు ఎక్కడ, కాలేజీలు ఎక్కడ, ఇళ్ళెక్కడ అన్నది పొలాల మీద ముందే గీసుకుని, సెక్టార్లకు ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఓమిక్రాన్ అని గ్రీకు అక్షరాల పేర్లు పెట్టారు. ప్రతి గజానికీ ఒక ప్రయోజనం రాసిపెట్టిన ఊరు ఇది. చదువుల కోసం, కొలువుల కోసం ఇక్కడికొచ్చిన వాళ్ళలో తెలుగువాళ్ళమూ ఉన్నాం. ఇలాంటిచోట ఆదివారం పూట నవల పట్టుకుని కూర్చుంటే ‘దానివల్ల ఏం ఒరుగుతుంది’ అని ఇంట్లోవాళ్ళు అడగడం సహజమే. చదివేవాళ్ళం కూడా లాభాల లెక్కలోనే జవాబు చెప్పుకుంటున్నామే, అదే నన్ను కలవరపెడుతుంది. భాష బాగుపడుతుందంటాం, లోకజ్ఞానం వస్తుందంటాం, మనసు విశాలమవుతుందంటాం. దాదాపు నూటయాభై ఏళ్ళుగా తెలుగులో ఈ జవాబులే తిరుగుతున్నాయి. వాటిని వరసగా తిరగేస్తే నాకొకటి అనిపిస్తోంది. అవన్నీ చదవడానికి పెద్దల దగ్గర అనుమతి తెచ్చుకోవడం కోసం చెప్పిన మాటలు. మనిషి కథ దగ్గరికి వెళ్ళేది మాత్రం, కథ తన దగ్గర ఏమీ అడగదు గనక.

అనుమతి పత్రాల చరిత్ర చాలా పాతది. 11వ శతాబ్దంలో మమ్మటుడు కావ్యం వల్ల కలిగే ప్రయోజనాలు లెక్కపెట్టాడు. కీర్తి, ధనం, వ్యవహారజ్ఞానం, కీడు తొలగడం, అప్పటికప్పుడు కలిగే పరమానందం, ప్రియురాలి మాటలా మెత్తగా సాగే ఉపదేశం. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆస్థానంలో ఉన్న విద్యానాథుడు కూడా ఈ దారిలోనే వేదాన్ని ప్రభువుతో, పురాణాన్ని స్నేహితుడితో, కావ్యాన్ని కాంతతో పోల్చాడు. ఆనందమూ ఆ జాబితాలో ఉంది. కానీ తరగతి గదుల్లో, సన్మాన సభల్లో మనకు మిగిలింది ఉపదేశం ఒక్కటే.

అంతకు ముందే భట్టనాయకుడు ఇంకా లోతైన సంగతి పట్టుకున్నాడు. ఆయన గ్రంథం దొరకలేదు. అభినవగుప్తుడు తన వ్యాఖ్యలో చర్చకు తీసుకోవడం వల్లనే ఆ వాదం మనదాకా వచ్చింది. నాటకం చూసేటప్పుడు రంగస్థలం మీది దుఃఖం నాదీ కాదు, నా శత్రువుదీ కాదు, నా స్నేహితుడిదీ కాదు. సొంతదారు లేని దుఃఖంగా మారుతుంది. అందుకే దాన్ని ఆస్వాదించగలుగుతున్నాం అన్నాడాయన. దీన్నే సాధారణీకరణం అన్నారు. నిజ జీవితంలో పక్కింటాయన ఏడుస్తున్నాడంటే లేచి వెళ్ళాలి, ఓదార్చాలి, అప్పడిగితే ఇవ్వాలా వద్దా తేల్చుకోవాలి. అందులో తప్పెవరిదో మనకు తెలియకుండానే లెక్క వేస్తుంటాం. ఈ పనుల హడావిడిలో ఆయన దుఃఖాన్ని సరిగ్గా చూడనే చూడం. కథలో ఏడ్చేవాడు మనల్ని ఏమీ కోరడు గనక అతన్ని చివరిదాకా చూస్తాం. నవల చదవడం గురించి ఆ తర్వాత వచ్చిన వాదాలన్నిటికంటే ఈ మాటే నాకు నిలిచేదిగా కనిపిస్తుంది.

తెలుగులో నవల పుట్టినప్పుడు మాత్రం గెలిచింది ఉపదేశమే. 1872లో నరహరి గోపాలకృష్ణమచెట్టి ‘శ్రీరంగరాజ చరిత్రము’ వచ్చింది. 1878లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’లో ‘రాజశేఖర చరిత్రము’ మొదలుపెట్టారు. ధవళేశ్వరంలోని ఒక సంపన్న గృహస్థు ముఖస్తుతులకు లొంగిపోయి, రాగిని బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి, ఉన్నదంతా పోగొట్టుకుంటాడు. గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ దానికి ప్రేరణ. మూఢనమ్మకాలు పోవాలి, జనం బాగుపడాలి అన్నది రచయిత సంకల్పం. అది గొప్ప సంకల్పమే. అయితే ఈనాటికీ ఆ నవల పేజీలు తిప్పించేది బైరాగి ఎప్పుడు ఉడాయిస్తాడా అన్న ఆత్రుతే. పాఠకుడు నీతిని గౌరవించాడు, కథను చదువుకున్నాడు.

నీతి చెప్పే నవలకు ఆసనం వేసిన సమాజమే మిగతా నవలలకు తలుపు వేసింది. ఆడపిల్లలు నవలలు చదివితే చెడిపోతారన్న భయం మన ఇళ్ళలో చాలాకాలం ఉంది. ఈ భయం మనకొక్కరికే లేదు. పుస్తకాలు చదివి మతి చలించినవాడి కథతో 1605లో సెర్వాంటెస్, నవలలు చదివి సంసారం కూల్చుకున్న స్త్రీ కథతో 1857లో ఫ్లాబేర్ లోకప్రసిద్ధులయ్యారు. ఆ భయాన్ని మనకు చెప్పినవి కూడా నవలలే.

ఇక గ్రంథాలయోద్యమం. దీని గురించి తెలుగువాళ్ళం ఎంత గర్వపడినా తక్కువే. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయం, 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. 1930ల్లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పారు. నిజాం రాజ్యంలో గ్రంథాలయం పెట్టడమే సర్కారుకు అనుమానాస్పదంగా ఉండేది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. వీళ్ళ ఉద్దేశం జ్ఞానవ్యాప్తి, దేశసేవ. కానీ గ్రంథాలయాల్లో అరిగిపోయిన పుస్తకాలేవో బీరువాలను అడిగితే తెలుస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి శాఖా గ్రంథాలయంలో చరిత్ర పుస్తకాలు కొత్తగా మెరిసేవి, నవలలకు అట్టలు ఊడిపోయి ఉండేవి. దేశసేవ కోసం తెరిచిన తలుపులోంచి జనం కథల కోసం నడిచి వచ్చారు. అయ్యంకి వారికి ఇది తెలియకపోవడమేమిటి, తెలిసే తలుపు తెరిచి ఉంచారని నా నమ్మకం.

పెద్దల అనుమతితో పనిలేకుండా సాగిన చదువు ఇంకొకటుంది. 1930ల నుంచి కొవ్వలి లక్ష్మీనరసింహారావు వరసగా చిన్న నవలలు రాస్తూ పోయి వెయ్యి దాటించారు. అవి రైళ్ళలో, స్టేషన్లలో అమ్ముడుపోయాయి. జంపన చంద్రశేఖరరావుదీ అదే బాట. వాటి కోసమే అక్షరాలు కూడబలుక్కున్నవాళ్ళు ఉన్నారని మన పెద్దలు చెప్పేవారు. నేనిప్పుడుంటున్న రాష్ట్రంలోనూ ఇదే కథ. 1888 నాటి దేవకీనందన్ ఖత్రీ ‘చంద్రకాంత’ చదవడానికి ఎందరో హిందీ నేర్చుకున్నారని హిందీ సాహిత్య చరిత్రకారులు రాశారు. ఇక్కడికి రెండు గంటల లోపు దూరంలో ఉన్న మీరట్ చౌకరకం కాగితం మీద అచ్చయ్యే హిందీ డిటెక్టివ్ నవలలకు ఒకప్పుడు రాజధాని. ‘వర్దీవాలా గుండా’ రాసిన వేద్ ప్రకాశ్ శర్మ ఆ ఊరివాడే. మన మధుబాబు ‘షాడో’ చదివి పెరిగినవాడు మీరట్ నవల చదివి పెరిగినవాడితో పది నిమిషాల్లో స్నేహం చేసుకోగలడు. ఆఫీసులో భోజనాల దగ్గర ఇలాంటి స్నేహాలు కుదరడం చూశాను.

అన్నిటికంటే ఎక్కువ అపార్థానికి గురైన చదువు 1960, 70, 80ల్లో మన ఆడవాళ్ళు చదివిన చదువు. దీని దగ్గర కొంచెంసేపు ఆగాలి. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక వారపత్రికలు, జ్యోతి, యువ మాసపత్రికలు, 1970లో మొదలైన స్వాతి ఇంటింటికీ సీరియల్ నవలలు మోసుకొచ్చాయి. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ ‘డాక్టర్ చక్రవర్తి’గా 1964లో తెరకెక్కింది. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, ద్వివేదుల విశాలాక్షి, వాసిరెడ్డి సీతాదేవి, రంగనాయకమ్మ ఒకే కాలంలో రాస్తున్నారు. వాళ్ళ ఆదరణ చూసి కొందరు మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకున్నారు. పట్టణాల్లో వీధి మలుపునే అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజుకింత అని అద్దె. గుడ్డ అతికించిన అట్ట, లోపల ఎవరో పెన్సిల్‌తో రాసిన వ్యాఖ్య, ఒక్కోసారి చిరిగిపోయిన చివరి పేజీ. ముగింపు తెలుసుకోవడానికి ఆ నవల చదివిన పక్కింటి పిన్నిగారి దగ్గరికి పరిగెత్తేవాళ్ళం.

విమర్శకులు ఈ చదువుని పలాయనం అన్నారు. యద్దనపూడి ‘సెక్రటరీ’ నాయకుడు రాజశేఖరం లాంటి అందగాడు, ధనవంతుడు, అభిమానధనుడు ఏ ఊళ్ళో దొరుకుతాడని వెక్కిరించారు. మొదటి తరం నవలలో రాజశేఖరుడు సమాజాన్ని దిద్దడానికి వచ్చాడు. ఎనభై ఏళ్ళు దాటాక వచ్చిన ఈ రాజశేఖరం ఎవరినీ దిద్దడానికి రాలేదు. అదే అతని మీద ఫిర్యాదు. పొద్దున్నే లేచి బొగ్గుల కుంపటి ముట్టించిన దగ్గర్నుంచి రాత్రి పాలు తోడు వేసేదాకా ఇంటిల్లిపాదీ పేరు పెట్టి పిలిచేది ఒక్క ఇల్లాలినే. మధ్యాహ్నం అందరూ వెళ్ళాక, అంట్లు తోమే మనిషి వచ్చేలోపు దొరికే ఆ కాస్త సమయంలో, ఆమె చేతిలో ఉన్న పుస్తకం ఒక్కటే ఆమెకు ఏ పనీ చెప్పనిది. జయంతి రాజశేఖరాన్ని పెళ్ళాడుతుందా లేదా అన్నదానికి ఆమె బాధ్యత ఏమీ లేదు. ఆ బాధ్యత లేనితనమే ఆమెకు విశ్రాంతి.

ఈ మాట నేను ఊహించి అంటున్నది కాదు. జానిస్ రాడ్‌వే అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక మధ్య పశ్చిమ పట్టణంలో ప్రేమ నవలలు విడవకుండా చదివే గృహిణులతో మాట్లాడి 1984లో ‘రీడింగ్ ద రొమాన్స్’ అనే పుస్తకం రాసింది. ఆ పట్టణానికి స్మిత్‌టన్ అని మారుపేరు పెట్టింది. అక్కడి స్త్రీలు నవలలో ఏముందో చెప్పడం కంటే చదవడం అనే పని తమకేమిస్తుందో ఎక్కువగా చెప్పారు. అది తమకోసం తాము ఉంచుకున్న సమయం. పుస్తకం తెరిచి ఉంటే ‘ఇప్పుడు నన్ను కదపకండి’ అని ఇంటికి చెప్పినట్టే. రాడ్‌వే అక్కడితో ఆగలేదు. ఆ విశ్రాంతి వల్ల ఇంట్లో అసలు మారాల్సినవి మారకుండా నెట్టుకుపోతున్నాయేమో అని కూడా శంకించింది. ఆ శంక న్యాయమైనదే. మన రంగనాయకమ్మ, ఓల్గా తర్వాత్తర్వాత వేసిన ప్రశ్నలు ఆ కోవలోనివే. అయితే అలసిన మనిషి కూర్చున్న కుర్చీని లాగేసి, నిలబడి పోరాడు అనడం నాకు చేతకాదు. నాట్యశాస్త్రం కూడా నాటకం దుఃఖంలో, శ్రమలో ఉన్నవాళ్ళకు విశ్రాంతినిచ్చేదని ఒప్పుకుంది. భరతుడికి లేని చిన్నచూపు మన విమర్శకు ఎక్కడి నుంచి వచ్చిందో!

ఇక్కడొక అభ్యంతరం చెప్పవచ్చు. విశ్రాంతి కోసమే అయితే సుఖాంతాలు చాలు కదా, మనిషి బాధాకరమైన నవలలు ఎందుకు చదువుతాడు? బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధి, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు, రావిశాస్త్రి ‘అల్పజీవి’లో సుబ్బయ్య. వీళ్ళలో ఒక్కరితోనైనా మనం పోల్చుకోవాలనుకోం. సీతారామారావు లాంటివాడు మన మేనమామ అయితే పండక్కి పిలవడానికి వెనకాడతాం. సుబ్బయ్య మన ఆఫీసులో ఉంటే అతని పిరికితనం చూసి చిరాకుపడతాం. అలాంటివాళ్ళను పుస్తకంలో వందల పేజీలు వెంటాడి చదువుతాం. ఎందుకంటే అక్కడ వాళ్ళను బాగుచేసే పని మనది కాదు, వాళ్ళ వల్ల మనకొచ్చే నష్టమూ లేదు. ఓడిపోయిన మనిషిని ఏ తొందరా లేకుండా చూడటానికి సమాజం మనకు ఇంకెక్కడా చోటివ్వలేదు. ప్యాకేజీలు, ఫ్లాట్ ధరలు, పిల్లల ర్యాంకులు తప్ప వేరే మాట నడవని ఈ ఎన్‌సీఆర్ సాయంత్రాల్లో నాకు సీతారామారావు అక్కర కాలేజీ రోజుల్లో కంటే ఎక్కువైంది. అప్పట్లో అతని మీద కోపమొచ్చింది. ఇప్పుడు అతని పక్కన కాసేపు కూర్చోగలుగుతున్నాను. పుస్తకం అదే, చదివే మనిషి వయసే మారింది. తన చదువు జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పగలిగేది ఇదొక్కటే. చదివిన పుస్తకాల జాబితా రాసుకోవడం కంటే, ఇరవైల్లో కోపం తెప్పించిన ఒక్క పాత్రను నలభైల్లో మళ్ళీ కలవడం ఎక్కువ చెబుతుంది.

ఈ మధ్య అనుమతి పత్రం మీద ముద్ర వేసే పని సైన్స్ తీసుకుంది. కెనడాలో కీత్ ఓట్లీ, రేమండ్ మార్ వంటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు కథ అనేది సామాజిక జీవితానికి మనసులో జరిగే అభ్యాసం అని వాదించారు. 2006 నాటి వాళ్ళ అధ్యయనంలో కథాసాహిత్యంతో ఎక్కువ పరిచయం ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళ మనసు గ్రహించే పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. 2013లో డేవిడ్ కిడ్, ఇమాన్యుయెల్ కాస్టానో ‘సైన్స్’ పత్రికలో ఇంకో అడుగు ముందుకు వేశారు. సాహిత్య విలువ ఉన్న కథ కొన్ని పేజీలు చదివితే చాలు, కళ్ళ ఫోటోలు చూసి భావం చెప్పే పరీక్షలో మార్కులు పెరుగుతాయన్నారు. ప్రపంచమంతా పత్రికలు ఆ వార్తను కళ్ళకద్దుకున్నాయి. తర్వాత ఇతరులు అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. ‘సైన్స్’, ‘నేచర్’ పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను మళ్ళీ చేసి చూసి 2018లో ప్రకటించిన ఒక పెద్ద పరిశీలనలో 13 నిలబడ్డాయి. నిలబడనివాటిలో ఇదీ ఉంది. అదే ఏడు 14 అధ్యయనాలను కలిపి లెక్కకట్టిన మరో సమీక్షలో లాభం ఉందని తేలింది గానీ అది చాలా చిన్నది. సుజాన్ కీన్ అనే విమర్శకురాలు 2007లోనే హెచ్చరించింది, నవలలో కలిగిన జాలి వీధిలోకి వచ్చి సాయం చేస్తుందన్న రుజువు బలంగా లేదని.

ఈ ఫలితాలు విని పాఠకులు నిరాశపడనక్కర్లేదు. జాలి అనేది పుస్తకంలోంచి బయటికి మోసుకెళ్ళే సరుకు అయితేనే అది కనిపించనందుకు దిగులు పడాలి. కథలో జాలి అంత సంపూర్ణంగా కలగడానికి కారణమే అక్కడ దానితో పనిలేకపోవడం. పుస్తకం మూసి బయటికొచ్చాక పని మొదలవుతుంది, భయాలూ లెక్కలూ మొదలవుతాయి. నవలలు బాగా చదివినవాళ్ళలో క్రూరులు ఎప్పుడూ ఉన్నారు. సాహిత్యం మనుషుల్ని తప్పనిసరిగా మంచివాళ్ళను చేస్తుందని ప్రచారం చేసినంతకాలం, ఒక్క చెడ్డ పాఠకుడు కనిపించినా సాహిత్యం అబద్ధమైపోతుంది.

మరి చదువు మనిషిలో ఏదీ కదపదా? కదుపుతుంది. ఎలాగో చూడటానికి ఈ ఊరే ఒక దృష్టాంతం ఇస్తుంది. గ్రేటర్ నోయిడా వెస్ట్‌లో గౌర్ సిటీ టవర్లకు కొద్ది కిలోమీటర్ల దూరంలో బిస్రఖ్ అనే పల్లె ఉంది. రావణుడి తండ్రి విశ్రవసుడు అక్కడే ఉండేవాడని, రావణుడు పుట్టింది అక్కడేనని ఊరివాళ్ళ విశ్వాసం. విశ్రవసుడు పూజించాడనే శివలింగం ఉన్న గుడీ ఉంది. చుట్టూ ఉన్న కాలనీలన్నిటిలో దసరాకు రావణుడి బొమ్మలు కాలుతుంటే సంప్రదాయం ప్రకారం బిస్రఖ్‌లో కాల్చరు. తమ ఊరి బిడ్డ కదా! ఒకే కథ, రెండు మైళ్ళ తేడాలో వేరే కథ.

తెలుగువాళ్ళకు ఇది అర్థం కావడానికి ఏ కష్టమూ లేదు. ‘భూకైలాస్’లో (1958), ‘సీతారామ కల్యాణం’లో (1961) రావణుడిగా రామారావుని చూసి మురిసిపోయిన జనం మనం. మన ఆడవాళ్ళు పాడుకున్న ఊర్మిళాదేవి నిద్ర పాటలో పద్నాలుగేళ్ళు నిద్రపోయిన ఊర్మిళ లక్ష్మణుడికంటే గుర్తుంటుంది. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో ‘శంబుకవధ’ రాసి శంబుకుడి వైపు నిలబడ్డారు. రంగనాయకమ్మ 1970ల్లో ‘రామాయణ విషవృక్షం’ రాస్తే రాష్ట్రమంతా వాదులాడుకుంది. ఓల్గా ‘విముక్త’ కథల్లో సీత అడవిలో శూర్పణఖను కలుస్తుంది. ఒకప్పుడు అవమానంపాలై, తర్వాత తన తోట తాను పెంచుకుంటున్న శూర్పణఖ. ఆ పుస్తకానికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ‘విముక్త’ చదివినవాళ్ళంతా స్త్రీవాదులైపోరు. కానీ ముక్కుచెవులు కోసిన ఘట్టం విన్నప్పుడు వెనకటిలా నవ్వడం మాత్రం వాళ్ళకు కుదరదు. పుస్తకం ఆజ్ఞాపించలేదు, నవ్వొద్దని చెప్పలేదు. కాసేపు అటువైపు నిలబడనిచ్చింది. ప్రయోగశాలలో కళ్ళ ఫోటోలతో ఈ మార్పును కొలవడం కష్టం. ఇది కొన్ని పేజీల తర్వాత రాదు. ఎన్నో ఏళ్ళకు, ఏదో ఒక దసరా రోజున బయటపడుతుంది.

నా వాదానికి ఎదురు సాక్ష్యాలు లేకపోలేదు. అన్నిటికంటే బలమైనది ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన ‘మాలపల్లి’. 1922లో అచ్చయిన ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం చరిత్ర 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చేదాకా సాగింది. కథ ఏమీ అడగనిదే అయితే సర్కారు అందులోని సంగదాసు చావును చూసి ఎందుకు భయపడింది? గోర్కీ ‘అమ్మ’ను 1930ల్లో క్రొవ్విడి లింగరాజు తెలుగు చేస్తే, అది చదివి ఉద్యమాల్లోకి వెళ్ళామని చెప్పుకున్నవాళ్ళు రెండు మూడు తరాలున్నారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘ఏడు తరాలు’ను సహవాసి అనువాదంలో చదివి, అందులోని కుంటా కింటేను తమ ముత్తాతగా భావించిన దళిత యువకులున్నారు. ఇవన్నీ నిజాలే. ఈ నిజాలను నా మాటతో ఇలా పొసగించుకుంటాను. కరపత్రం ‘రా’ అని పిలిచింది. వెళ్ళినవాళ్ళలో చాలామంది గుర్తుపెట్టుకున్నది మాత్రం ‘అమ్మ’నే, కరపత్రాన్ని కాదు. పిలవని చోటికి మనిషి తనంతట తాను వెళ్ళాడు. ఆ నిర్ణయం అతని సొంతం గనక జైల్లో కూడా దాని మీద నిలబడగలిగాడు. మద్రాసు ప్రభుత్వం భయపడింది బహుశా దీనికే. ఆజ్ఞను అడ్డుకోవచ్చు, ఇష్టాన్ని అడ్డుకోవడం కష్టం.

రాసేవాడి వైపు నుంచి కూడా ఒక సాక్ష్యం ఈ ఢిల్లీలోనే ఉంది. విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీ చేసిన పి.వి. నరసింహారావు ప్రధానిగా దిగిపోయాక, 1998లో తన రాజకీయ జీవితానుభవాన్ని ‘ది ఇన్‌సైడర్’ అనే నవలగా ప్రచురించారు. ఆత్మకథ రాసి ఉంటే ప్రతి వాక్యానికీ ఎవరో ఒకరికి జవాబు చెప్పాల్సి వచ్చేది. అఫ్రోజాబాద్ అనే రాష్ట్రాన్ని, ఆనంద్ అనే మనిషిని కల్పించుకున్నాక ఆ బాధ్యత కొంతైనా తేలికైంది. అధికారం ఎంత చూసినవాడికైనా చివరికి కల్పన కావలసి వచ్చిందంటే అందులో ఆలోచించాల్సింది చాలా ఉంది.

వలస వచ్చినవాళ్ళకు ఇదే చదువు ఇంకో బరువు మోస్తుంది. 1976లో మొదలై 2015 నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అయిన పాత ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రీ పగలూ కూర్చుని ఢిల్లీ వచ్చిన తరానికి సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీద కొన్న వారపత్రికే నెల్లాళ్ళ తెలుగు. ఇప్పుడు ఫిరోజ్‌షా రోడ్డులోని సాహిత్య అకాడమీ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు దొరుకుతాయి గానీ, గ్రేటర్ నోయిడా నుంచి అక్కడికి వెళ్ళిరావడమంటే ఒక పూట పని. 1972 నుంచి జరుగుతున్న ప్రపంచ పుస్తక ప్రదర్శనలో తెలుగు స్టాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే మా సొసైటీల్లో పుస్తకాలు చేతులు మారుతూ తిరుగుతాయి. సెలవులకు వెళ్ళినవాళ్ళు సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన నాలుగు నవలలు తెస్తారు. 2019లో వచ్చిన ఆక్వా లైన్ మెట్రోలో ఫోన్‌లో ప్రతిలిపి కథలు చదువుకునేవాళ్ళు, చెవిలో దాసుభాషితం వినేవాళ్ళు ఉన్నారు. కాళీపట్నం రామారావు అకాడమీ పురస్కారం సొమ్ముతో పూనుకుని 1997లో శ్రీకాకుళంలో తెరిచిన కథానిలయం పుణ్యమా అని వందేళ్ళ నాటి కథలు కూడా ఇక్కడ కూర్చుని తెరపై చదవగలుగుతున్నాం. దూరదేశంలో ఉన్నవాడికి ఇంతకంటే పెద్ద ఉపకారం ఎవరు చేశారు?

పిల్లల దగ్గరకొచ్చేసరికి మేం తల్లిదండ్రులం మళ్ళీ పాత అనుమతి పత్రమే బయటికి తీస్తున్నాం. తెలుగు మరిచిపోకూడదని, సంస్కృతి తెలియాలని కథలు చదివిస్తాం. బడిలో హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం మోసుకుని ఇంటికొచ్చిన పిల్లవాడికి ఇంకో హోంవర్క్ అప్పజెప్పినట్టవుతోంది. ‘చందమామ’ 1947 నుంచి తరాల తెలుగు పిల్లల్ని పట్టుకున్నది తెలుగు నేర్పుతానని చెప్పి కాదు. శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడికి ఈసారి భేతాళుడు ఏ కథ చెబుతాడో చూద్దామన్న ఆత్రం పెట్టి లాక్కుపోయింది. నండూరి రామమోహనరావు తెలుగు చేసిన ‘టామ్ సాయర్’, ‘హకల్‌బెరీ ఫిన్’ చేతికందితే మిసిసిపీ నది గోదావరిలా అనిపించేది. ఆ పుస్తకాల చివర ప్రశ్నలు లేవు.

తెలుగు చదవలేని పిల్లలకు చదివి వినిపించే అలవాటు కొన్ని ఇళ్ళలో మొదలైంది. నేనైతే ఆ తల్లిదండ్రులకో చిన్న సలహా ఇస్తాను. కథ ముగిశాక ‘దీనివల్ల మనకేం తెలిసింది’ అని అడగవద్దు. అర్థం కాని మాట వాళ్ళే అడిగితే చెప్పండి, లేకపోతే మానండి. మంచి ఘట్టం దగ్గర ఆపి లైటు తీసేయండి. మిగతాది ఏమైందో తెలుసుకోవడానికి ఆ పిల్ల మర్నాడు తానే ఆ తెలుగు పుస్తకం తెరిచి అక్షరాలు కూడబలుక్కుంటుందేమో, కొవ్వలి నవలల కోసం ఒకప్పటి పెద్దలు కూడబలుక్కున్నట్టు.